రికార్డులో గుండె

డిగ్రీ జీవశాస్త్రంలో రెండో ఏడు ప్రాక్టికల్ అంటే, ఎవరి బుగ్గలోంచి తీసిన కణాలతో వాళ్ళు గాజుగిన్నెలో చిటికెడు గుండెను పెంచి, రోజూ దాని బొమ్మ రికార్డులో గీయడం. నాటకకళ కూడా చదువుతున్న ప్రసూన రిహార్సల్స్‌లో పడి గిన్నెలో ఆహారం వేయడం మరిచిపోయింది. గుండె చచ్చిపోయింది. రికార్డు కాపీ కొట్టినంత తేలిగ్గా, రూమ్మేటు ఎస్తేరు గిన్నెలోంచి ఓ ముక్క తెచ్చి పెంచేసుకుంది. ఆ సంగతి ఎస్తేరుకు కూడా చెప్పలేదు.

పరీక్షనాడు మేడమ్ ఆ గిన్నెను చాలాసేపు చూసింది.

“కూర్చో తల్లీ. నీ గుండెలో లోపముంది. గట్టిగా పరిగెత్తావంటే ఆగిపోతుంది. మీవాళ్ళకి ఇప్పుడే ఫోన్ చేద్దాం.”

 నిజం చెబితే మూడేళ్ళు డిబార్. ఎస్తేరు పరీక్ష మధ్యాహ్నానికి మార్పించుకుంది, పరుగుపందెం ఉందని. ప్రసూన కిటికీలోంచి చూస్తే, గ్రౌండులో పరుగు మొదలుపెట్టే గీత దగ్గర ఎస్తేరు వంగి నిలబడి ఉంది.

“అది నాది కాదు మేడమ్, ఎస్తేరుది!” అంటూ ప్రసూన మెట్లమీద పడుతూ లేస్తూ దిగింది. ఈలోగా విజిల్ మోగింది.

“ఎస్తేరూ, ఆగవే!”

ఆ కేక ఎవరికీ వినపడలేదు. గ్రౌండంతా ఒకటే అరుపు: “ఎస్తేరూ, ఇంకా గట్టిగా!”