మైసూరు సీటు

“నువ్వు వచ్చే ఏడు అర్జీ పెట్టుకోవచ్చు గదా,” అన్నాడు ఇంద్రసేన, బెంచీ ఆ చివర నుంచి.

రామసుబ్బమ్మ తల ఎత్తలేదు. “వచ్చే ఏడు ఈ సీటు ఉంటాదని ఎవరు చెప్పినారు?”

“ముప్పై అయిదు దాటితే తీసుకోరంట. నాకు ఇదే ఆఖరు.”

“తెలుసు.”

మైసూరులో ఏడాది ఎం.ఎడ్. చిన్న తరగతుల పిల్లలకు లెక్కలు ఎట్లా చెప్పాలో అదే చదువు. బళ్ళారి జిల్లాకంతా ఒకటే సీటు. పొద్దుటినుంచి ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే పంపించేసి, కమిటీ చివరికి ఇద్దరిని మిగిల్చింది. మోక మిడిల్ స్కూలు టీచరు రామసుబ్బమ్మ, రూపనగుడి ఎలిమెంటరీ స్కూలు మేష్టరు ఇంద్రసేన.

పక్క బడి పిల్లలను కూర్చోబెట్టి ఇద్దరిచేతా పాఠం చెప్పించారు. భిన్నాల భాగహారం. ఇంద్రసేన చెబుతుంటే ఆమె కిటికీ దగ్గర నిలబడి విన్నది. ఎక్కడా తడబాటు లేదు. బోర్డు మీద అంకెలు అచ్చు గుద్దినట్టున్నాయి.

తన వంతు వచ్చేసరికి ముందు వరసలో ఒక పిల్ల లేచి అడ్డం తిరిగింది.

“భాగిస్తే తగ్గల్ల గదా టీచర్? మూడుని అరతో భాగిస్తే ఆరెట్లయితాది?”

రామసుబ్బమ్మ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. వెనక కమిటీ వాళ్ళు ఏదో రాసుకుంటున్నారు. ఆమె బోర్డు వదిలేసి ఆ పిల్ల దగ్గరికి పోయింది.

“మీ ఇంట్లో మూడు రొట్టెలుండాయి. మనిషికి సగం. ఎంతమంది తింటారు?”

పిల్ల వేళ్ళు మడిచింది. “ఆరుమంది. ఓ... లెక్కబెట్టేది రొట్టెల్ని గాదు, మందినా టీచర్!”

కమిటీ మొహాల్లో మాత్రం ఏమీ తెలియలేదు.

“రామసుబ్బమ్మ టీచరూ, రమ్మంటాండారు,” అని జవాను కేకేశాడు. ఆమె లోపలికి పోయింది.

“మీ పాఠమే మాకు నచ్చింది,” అన్నాడు చైర్మన్. “అయితే అర్జీలో మీ నాయన పేరే ఉండాది. పెండ్లయిందా?”

“అయింది సార్.”

“పోయినేడు ఒకామెకు ఇట్లే ఇచ్చినాం. నడుమలోనే మొగుడొచ్చి పిల్చుకోని పోయినాడు. సీటు పాడైపోయింది. మీ ఆయన ఒప్పిగె లేనిదే నేను సంతకం పెట్టను. ఆయప్ప కాదంటే సీటు ఇంద్రసేనకే.”

ఆమె మొహం ఎర్రబడింది. “ఇంద్రసేన మేష్టర్ను కూడా అడిగినారా సార్, భార్య ఒప్పుకునిందా అని?”

పక్కనున్న మెంబరు నవ్వాడు. “మగోళ్ళను అదేం అడిగేది తాయీ!”

“ఈ పొద్దే తేలిపోవల్ల,” అన్నాడు చైర్మన్. “యాడుండాడు మీ ఆయన?”

“ఈడనే ఉండాడు సార్.”

“పిలవండి.”

ఆమె తలుపు తెరిచి, “సార్ పిలుస్తాండారు,” అని మాత్రం అని వెనక్కి వచ్చేసింది. ఇంటర్వ్యూ కార్డు వచ్చినప్పటినుంచి ఇంట్లో మొగుడూ పెండ్లాల మధ్య సరిగా మాటల్లేవు. ఏం చెబుతాడో ఆమెకు తెలియదు. వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. ఆమె ఆయన మొహం చూడలేక గోడవైపు తిరిగి నిలబడింది.

చైర్మన్ కాగితాల్లోంచి తల ఎత్తకుండానే అడిగాడు. “మీ ఇంటామె ఏడాదిపాటు మైసూరులో ఉండల్ల. ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పండి, ఇంకొకరికి ఇస్తాం. పంపిస్తారా?”

ఆమె కొంగు వేలికి బిగించి చుట్టుకుంది. చుట్టిన వేలు తెల్లబడింది.

“పంపిస్తాను సార్. ఆమే పోవల్ల.”

ఆ గొంతు విని చైర్మన్ చప్పున తలెత్తాడు.

ఎదురుగా ఇంద్రసేన నిలబడి ఉన్నాడు.