సుత్తి తలకాయ పటర్

మునిప్రసాద్ తిరుపతిలోని ఆ ఆటవస్తువుల అంగట్లో మూడు గంటలుగా పటర్లు తిరగేస్తున్నాడు. పటర్ అంటే గోల్ఫ్‌లో బంతిని చివరగా గుంత దాకా దొర్లించే కర్ర. పెళ్లిచూపుల్లో పిల్లను కూడా ఆయన ఇంతసేపు చూడలేదు.

పాపం, అవసరం అలాంటిది. రెండేళ్లుగా ఆయన ఉద్యోగం శ్రీహరికోట దగ్గరి కంపెనీ గోడౌనులో. భార్య భానుప్రియ చిత్తూరు దగ్గరి ఐరాల బడిలో టీచరు. ఎప్పుడైనా ఇంటికి వెళితే కూతురు మంచినీళ్లు ట్రేలో పెట్టి తెచ్చి, కూర్చోండి అంటోంది. చిత్తూరుకు బదిలీ చేయాల్సిన పెద్ద మేనేజరుకేమో గోల్ఫ్ అంటే ప్రాణం. వచ్చే ఆదివారమే కంపెనీ పోటీ. అక్కడ ఆయన్ను మెప్పిస్తే పని అయిపోయినట్టే.

పోయినేడూ మునిప్రసాద్ ఆయనతోనే తలపడి చివరిదాకా వచ్చాడు. జానెడు దూరం నుంచి కొట్టిన ఆఖరి బంతి బారెడు అవతలికి పోయింది. పెద్ద మేనేజరు మొహం గంటు పెట్టుకుని కారెక్కాడు. బదిలీ కాగితం బీరువా ఎక్కింది.

అంగడి షానవాజ్ విసుగు దాచుకుని, సుత్తిలాంటి పెద్ద తలకాయ ఉన్న పటర్ చేతికిచ్చాడు.

"ఇది పట్టి సూడు సార్. తల బరువుండాది గదా, చెయ్యి వణికినా బంతి వంకర పోదు. తగిలింది తగిలినట్టు వేళ్లకు తెలిసిపోతాది."

నేల మీద స్టీలు గ్లాసు పడుకోబెట్టాడు. మునిప్రసాద్ పది బంతులు కొట్టాడు. పదీ గ్లాసులోకే వెళ్లాయి. షానవాజ్ సంబరంగా బిల్లు పుస్తకం తీశాడు. ఈయనకు మాత్రం ఆనలేదు.

"లోపలికి పొయ్యేది యా కర్రతోనైనా పోతాదప్పా. నేననుకున్న కాడ, వెంట్రుకవాసి తేడా లేకుండా ఆగాల."

ఇంకో గంట దొర్లించి, చివరికి అదే కొన్నాడు. సెలవు పెట్టి వారమంతా ఇంట్లో దుప్పటి పరిచి సాధన చేశాడు. భానుప్రియ కొత్త బండికి చేసినట్టు దానికి పసుపుకుంకుమలు పెట్టి, కాణిపాకం తీసుకెళ్లి స్వామి ముందర పెట్టి తెద్దామంది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"యా గుడికైనా వస్తా గానీ, ఆ సత్తెప్రమాణాల సామి కాడికి ఈ కట్టెతో నేను రాను."

ఆట భయంతో ఏదో అంటున్నాడులే అని ఆమె ఊరుకుంది.

ఆదివారం ఆట హోరాహోరీగా సాగింది. చివరికి మునిప్రసాద్ కొట్టాల్సింది ఒక్క బంతి. పడితే పోటీలో ఉంటాడు, తప్పితే ఇంటికే. భానుప్రియ కళ్లు మూసుకుని దేవుళ్లందరికీ మొక్కుకుంది. ఆయన చెమట తుడుచుకుని, ఊపిరి బిగబట్టి, మెల్లగా నెట్టాడు.

బంతి తిన్నగా దొర్లి, గుంత అంచును ముట్టుకుని, అక్కడే ఆగిపోయింది.

చూసేవాళ్లంతా అయ్యో అన్నారు. మునిప్రసాద్ రెండు చేతులా తల పట్టుకున్నాడు. భానుప్రియకు ఏడుపు ఆగలేదు. చిత్తూరు చేజారిపోయిందనే అనుకుంది.

"చివరిదాకా నన్ను వణికించి పెట్టినావు గదప్పా, రేపొచ్చి చిత్తూరు ఆర్డరు తీసుకో" అంటూ, గెలిచిన పెద్ద మేనేజరు పరుగున వచ్చి వాటేసుకుంటే, ఆయన భుజం మీదుగా మునిప్రసాద్ భార్యకు కన్ను కొట్టాడు.