తిరిగి చూడొద్దు

"బజారుకెళ్తే ఫోను గదిలోనే పెట్టండి. 'మీ హోటల్ వంటవాణ్ణి, గుర్తుపట్టలేదా?' అంటూ ఎవడైనా వెంటబడితే ఆగొద్దు, పలకొద్దు." ఇంగ్లండు నుంచి దిగిన అతిథులకు హోటల్ గైడు రఫీకా ఎప్పటిలాగే జాగ్రత్త చెప్పింది. సూస్ ఊరి బజారు మోసగాళ్లు ముందు విసిరే వల అదే.

మర్నాడు మార్జరీ బజారుకెళ్లిన కాసేపటికే ఆమె భర్త హోటల్లో గుండె పట్టుకుని కూలిపోయాడు. పొద్దున ఆమెకు ఆమ్లెట్ వేసిచ్చిన వంటవాణ్ణి రఫీకా బజారుకి పరుగెత్తించింది. "నేనిక్కడ డాక్టర్ని పిలుస్తా. ఆవిడ ముఖం నీకు తెలుసుగా అన్నా, ఉన్నపళంగా తీసుకురా!"

అతను ఒంటరిగా తిరిగొచ్చాడు. "ఆగలేదు చెల్లీ. పోలీసుల్ని పిలుస్తానంది."

అప్పటికే డాక్టరు దుప్పటి ముఖం మీదికి లాగేశాడు.

సాయంత్రం మార్జరీ నవ్వుకుంటూ వచ్చి రఫీకా చేతులు పట్టుకుంది. "నీ మాట విని బతికిపోయానమ్మాయ్! ఒకడైతే, మీ ఆయనకి బాలేదంటూ ఏడ్చాడు కూడా. నేను తిరిగి చూస్తేనా!"