బెంగళూరు కత్తి, కమాను కత్తి

అరటిబోదెను నాలుగు ముక్కలు చేసి, కుమారస్వామి చేతిలోని కత్తిని ఎండకు తిప్పి చూసుకున్నాడు.

"వెన్నలో దిగినట్టు దిగింది బావా," అన్నాడు బావమరిది సురేంద్ర.

ఆ కత్తి బెంగళూరు నుంచి తెచ్చింది అతనే. తళతళలాడే స్టీలు, నున్నటి ప్లాస్టిక్ పిడి.

ఇంకొకటి గోడకు ఆనించి ఉంది. లారీ కమాను పట్టీని సాగగొట్టి పుంగనూరు కమ్మరి చేసిచ్చిన మచ్చుకత్తి. నల్లగా, మొరటుగా ఉంటుంది. చింతకొయ్య పిడికి పురితాడు బిగించి చుట్టి ఉంటుంది.

తెల్లారితే ఊరి గంగమ్మ జాతర. తొలి పొట్టేలును కొట్టే హక్కు తాతల నాటి నుంచీ ఆ ఇంటిదే. తల ఒక్క వేటుకు తెగాలి. రెండో వేటు పడిందా, హక్కు పక్క వీధి గంగాధరం ఇంటికి పోతుంది. వాళ్లు ఎప్పటి నుంచో దానికోసం నోరు తెరుచుకుని కూర్చున్నారు.

ఇన్నేళ్లూ కొట్టిన ఓబులప్పకు వయసు మీద పడింది. ఈ ఏడు కొట్టాల్సింది కొడుకు కుమారస్వామి. అతనికిదే మొదలు.

"ఆ పాతదాంతో కూడా కొట్టి సూడప్పా," అని వినిపించింది.

వీధిలో ఒక ముసలామె నిలబడి ఉంది. బస్సు దిగి వచ్చినట్టుంది, చంకలో గుడ్డసంచి.

"ఎవురమ్మా నువ్వు?"

"కుప్పం నుంచి వస్తాండా. జాతర సూసిపోదామని."

కుమారస్వామి పాత కత్తితో కొట్టాడు. బోదె తెగింది కానీ అంచున నార లేచింది.

సురేంద్ర నవ్వాడు. "సూసినావా అవ్వా? యాడ అది, యాడ ఇది."

"పొడిచేత్తో ఏ కత్తైనా తెగతాది. రేపు నెత్తిన పసుపునీళ్లు పోసినాక కదా కొట్టేది. చెయ్యి తడుపుకోని కొట్టమను."

"ఇది కంపెనీ సరుకు. అడవుల్లో తిరిగేటోళ్లు వాడేది."

"అడవుల్లో తిరిగేటోళ్లు పసుపు పూసుకోని తిరగరు కదప్పా. పైన పటారం, లోన లొటారం మీ కత్తి."

చుట్టూ చేరిన కుర్రాళ్లు కిసుక్కుమన్నారు. కుమారస్వామికి ఒళ్లు మండింది.

"ఇది మగోళ్ల పని. నీకేం తెలుసు?"

ఆమె సంచి కింద పెట్టి, చెంగు నడుముకు దోపుకుని, పాత కత్తి మీద చెయ్యి వేసింది.

"ముట్టొద్దు. ఆడమనిషి ముడితే మైలపడతాది."

"యాల మైల? గంగమ్మ ఆడమనిషి కాదా? ఆయమ్మ చేతిలో కత్తికి లేని మైల నా చేతిలోకి యాడ్నుంచి వచ్చింది?"

జవాబు లేనప్పుడు మగవాళ్లు ఏం చేస్తారో అదే చేశారు. అరిచారు. సురేంద్ర అయితే ఆమె సంచిని తీసుకుపోయి రోడ్డు మీద పెట్టి వచ్చాడు.

ఆమె బెదరలేదు. అరుగు మీద కూర్చున్న ఓబులప్ప వైపు తిరిగింది.

"నువ్వన్నా సెప్పు."

ఓబులప్ప తల వంచుకుని తువ్వాలు సర్దుకున్నాడు.

"సరే. సెప్పాల్సింది సెప్పినా. తడిచేతిలో ఆ పిడి నిలవదు. ఇల్లు మీది, పొమ్మంటే పోతా. గంగమ్మ అందురిదీ. ఆడ నిలబడే జాతర సూస్తా, ఎవురు అడ్డమొస్తారో రాండి."

సంచి ఎత్తుకుని గుడి వైపు నడిచింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

మరునాడు కుమారస్వామి చీర కట్టి, ముఖమంతా పసుపూ కుంకుమా బొగ్గూ పూసుకుని వచ్చాడు. కొట్టేవాడు గంగమ్మ వేషంలోనే కొట్టాలి, అక్కడి ఆచారం అది. ఆ రంగుల్లో ఎవరినీ పోల్చుకోలేము. డప్పులు మోగుతుంటే నెత్తిన బిందెడు పసుపునీళ్లు కుమ్మరించారు.

బెంగళూరు కత్తి పైకి లేచింది. దిగింది.

తడిసిన పిడి గుప్పిట్లోనే తిరిగిపోయింది. పొట్టేలు అరిచింది. డప్పులు ఆగిపోయాయి.

రెండో వేటు వేసేసరికి గంగాధరం ఇంటివాళ్లు ముందుకొచ్చి నిలబడ్డారు.

ఇంటికొచ్చిన కుమారస్వామి రంగులు కూడా కడుక్కోలేదు. గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"ఆ అవ్వ యాడుండాది? కాళ్లు పట్టుకోవాల."

"రెండో ఏటు పడంగానే ఏడ్సుకుంటా పోయిందంట," అన్నాడు సురేంద్ర. "కుప్పం బస్సెక్కేసింది."

కుమారస్వామి తండ్రిని చూశాడు. "ఎవురు నాయనా ఆమె? నిన్ను అడిగింది కదా, నువ్వన్నా సెప్పమని."

ఓబులప్ప వచ్చి కొడుకు పక్కన కూర్చున్నాడు.

"మా అక్క బయ్యమ్మ. కుప్పానికి ఇచ్చినాక ఆమెను ఈ గడప తొక్కనీలేదు నేను."

"యాల?"

"నోరు జారుతాదేమోనని భయం. మీ తాత పోయిన ఏడు కత్తి నా చేతికి ఇచ్చినారు. నాకు గుండె సాలక చింతతోపులోకి పోయి దాంకున్నా. ఆడ డప్పులు మోగతానే ఉండాయి."

"మరి ఆ ఏడు నువ్వే ఒక్క ఏటుకి కొట్టినావని ఊరంతా సెప్తాది కదా."

ఓబులప్ప కళ్లు తుడుచుకున్నాడు.

"ఆ రంగుల కింద ఉండింది మా అక్కరా."