డప్పు మిగిలిన పాట

ఐలేశం ఫోన్‌లో పాట మోగుతోంది కానీ, అందులో చనిపోయిన భార్య గోపమ్మ గొంతు లేదు. ఐలేశం వాయించిన డప్పు ఒక్కటే వినిపిస్తోంది.

"మీ అమ్మ యాడబోయిందిరా?" అన్నాడు ఐలేశం కొడుకు మల్లేశ్‌తో. "రేపు సంవత్సరీకంల అందరికి ఇనిపిద్దామనుకుంటి. ఉన్నది గీ ఒక్క పాటే గద."

దేవరకొండ పెళ్లిళ్లలో ఒట్టి వాయిద్యం పెట్టుకుని దాని మీద కరోకే పాడే మల్లేశ్ తలెత్తలేదు.

"నీ ఫోన్ల ఉన్నదా?"

"లేదు బాపూ."

ఐలేశం తన వేళ్లకేసి చూసుకున్నాడు. "గీ మొద్దు వేళ్లతోని ఏడనో ఒత్తిన. దాని గొంతు నేనే పోగొట్టిన."

ఆ మాటతో మల్లేశ్ ఇక ఆగలేకపోయాడు.

"నీ వేళ్లు గాదు బాపూ. నీ డప్పు మీద నేను పాడుకుందామని యాప్‌ల ఏసి అమ్మ గొంతు నేనే తీసేసిన. అమ్మ పాటా నా పాటా రెండూ ఇన్నోళ్లు అమ్మనే మంచిగ పాడిందంటరని, అసలు పాట గూడ నేనే చెరిపేసిన."