ఉచితంగా దొరికేవి

"మీ ఇద్దరిలో ఒక్కరే ఉంటారు," అంది మేడం కళ్లజోడు తుడుచుకుంటూ. "ఎవరన్నది మీరే తేల్చాలి."

డిజైనర్, రైటర్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చిన్న ప్రకటనల ఆఫీసులో అతను పోస్టర్లు వేస్తాడు, ఆమె వాటి మీదికి మాటలు రాస్తుంది. ఇద్దరూ భార్యాభర్తలు.

"మేమెలా తేలుస్తాం మేడం?" అన్నాడతను.

"చాలా తేలిక. ఇప్పుడు నెట్‌లో అన్నీ ఊరికే దొరుకుతున్నాయిగా. ఆయన పనిని ఏయే ఫ్రీ టూల్స్‌తో నడిపించొచ్చో నువ్వు రాయమ్మా. ఆవిడ పనిని దేంతో నడిపించొచ్చో నువ్వు రాయి. సాయంత్రం అయిదింటికల్లా నాకు మెయిల్ చెయ్యండి. ఎవరి పని ఊరికే అయిపోతుందని తేలితే వాళ్లు రేపట్నుంచి రానక్కర్లేదు."

"మేడం, ఇది మరీ..."

"మొగుడూ పెళ్లాలు కదా, ఒకరి పని ఒకరికి బాగా తెలుసు. బయటివాళ్లనడిగితే ఇంత బాగా చెప్పరు," అని నవ్వింది మేడం.

మెట్ల దగ్గర అతను భార్యను ఆపాడు.

"ఆవిడ ఆటలో మనం పడొద్దు. ఇద్దరం ఖాళీ మెయిలే పంపుదాం. చచ్చినట్టు ఆవిడే తేల్చుకుంటుంది."

"ఇద్దర్నీ పొమ్మంటే?"

"ఇద్దర్నీ పొమ్మంటే ఆఫీసుకి తాళం వేసుకోవాల్సిందే."

"ఈ ఉద్యోగం పోతే మీకెలాగండీ? నలభై దాటాయి. కొత్తచోట కుర్రాళ్లనే తీసుకుంటున్నారు."

"నా సంగతి వదిలెయ్. నువ్వు మాత్రం ఒక్క ముక్క రాయకు. నా మీద ఒట్టు."

"సరే," అంది. మడత పడిన అతని చొక్కా కాలరు సరిచేసి తన సీటుకు వెళ్లిపోయింది.

అతను కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నలభై దాటాయన్న మాట చెవుల్లో గింగురుమంటూనే ఉంది. ఆమెకు ముప్ఫై అయిదు. చురుకైంది. ఇక్కడ కాకపోతే ఇంకోచోట దొరుకుతుంది. తనకు దొరకదు. పొద్దున్నే భార్య బ్యాగు తగిలించుకుని బయల్దేరుతుంటే తాను లుంగీలో గుమ్మం దగ్గర నిలబడి చూడటం ఊహించుకున్నాడు. ఒళ్లు మండింది.

రెండు మూడు రాసి పంపేద్దామనే మొదలుపెట్టాడు. ప్రకటనలకు వాక్యాలు రాసిచ్చే టూల్ ఒకటి. అక్షరదోషాలు దిద్దేది ఒకటి. శీర్షికకు నూటికి ఇన్ని మార్కులని వేసేది ఒకటి. జనం ఏ మాటలతో వెతుకుతున్నారో చెప్పేది, నెల రోజుల పోస్టులను టైముకి అవే వెళ్లిపోయేలా సర్దిపెట్టేది... వెతికేకొద్దీ దొరుకుతున్నాయి. అతనికి ఉత్సాహం పుట్టింది.

పిల్లల చెప్పుల షాపు ప్రకటన కోసం ఆమె పొద్దున రెండు గంటలు కూర్చుని ఒక్క వాక్యం రాసింది. అదే పనిని ఒక టూల్‌కి అప్పగించాడు. అరనిమిషంలో ఇరవై వాక్యాలిచ్చింది. పద్ధెనిమిది చెత్త. మిగిలిన రెండూ ఫర్వాలేదు. ఆ రెండింటినీ లిస్టులో అతికించి, పక్కన 'రెండు గంటలు', 'అరనిమిషం' అని ఎర్రరంగులో పెట్టాడు.

"ఏవండీ."

ఉలిక్కిపడి స్క్రీన్ మార్చేశాడు. భార్య అడ్డగోడ మీద నుంచి తొంగిచూస్తోంది.

"మొహం అలా ఉందేంటి? తలనొప్పా? టీ తెచ్చిపెట్టనా?"

"ఏం లేదు. పోస్టర్ ఒకటి తెగట్లేదు. నువ్వు... ఏం చేస్తున్నావు?"

"ఏముంది, ఒట్టేయించుకున్నారుగా," అని నవ్వి వెళ్లిపోయింది.

లిస్టు చెరిపేద్దామని చెయ్యి వేశాడు. చెరపలేదు. చివర్లో ఇంకో మాట చేర్చాడు: 'కస్టమర్లు ఫోన్ చేస్తే ఆమె అవసరానికి మించి మాట్లాడుతుంది. రెడీమేడ్ జవాబులిచ్చే టూల్ కూడా ఫ్రీగానే ఉంది.' అయిదుకి పది నిమిషాలుందనగా పంపేశాడు.

అయిదింటికి మేడం ఇద్దర్నీ లోపలికి పిలిచింది. బల్ల మీద ప్రింట్ తీసిన కాగితాలు రెండున్నాయి. ఒకటి తనదే, ఎర్రరంగు దూరం నుంచే తెలుస్తోంది. రెండోది ఖాళీగా ఉంటుందనుకున్నాడు. పైనుంచి కింది దాకా నిండుగా ఉంది. వరసగా అంకెలు వేసి, ఒక్కోదాని కింద వివరాలు.

"ఇద్దరూ బాగా కష్టపడ్డారు," అంది మేడం.

అతనికి నెత్తురు ఒక్కసారిగా తలకెక్కింది.

"అంటే నువ్వూ రాశావన్నమాట!" మేడం ముందున్నామని కూడా చూడకుండా భార్య మీద విరుచుకుపడ్డాడు. "నా మీద ఒట్టేసి, నవ్వుతూ నవ్వుతూ నా గొంతు కోశావు కదే! టీ తెచ్చిపెట్టనా అంటే నిజంగా నా మీద ప్రేమనుకున్నాను. ఇన్నేళ్లూ పక్కలో పాముని పెట్టుకుని పడుకున్నాను!"

ఆమె తలెత్తలేదు. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. మెల్లగా అడిగింది.

"'నువ్వూ' అంటే? మీరు కూడా రాశారా?"

అతను బల్ల మీదున్న తన కాగితాన్ని చేత్తో కప్పబోయాడు.

మేడం ఎర్రరంగున్న కాగితాన్ని ఆమె వైపు తోసింది. "నీ ఉద్యోగం తీసెయ్యమని నీకు నువ్వే రాసిచ్చిన లిస్టు బాగానే ఉందమ్మా, కానీ మీ ఆయన రాసిచ్చింది ఇంకా బాగుంది."