రింగు వదలని మనవడు

బాస్కెట్‌బాల్ మ్యాచ్ గెలిపించే బంతిని బుట్టలో వేసి, మా మనవడు ఆ బుట్ట రింగు పట్టుకుని అలాగే వేలాడుతూ ఉండిపోయాడు. చప్పట్లు కొట్టి కొట్టి జనం ఇళ్లకు వెళ్లిపోయారు. వాడు దిగలేదు.

"మోకాలికి రెండు ఆపరేషన్లయ్యాయి కదమ్మా. ఎగిరితే ఏమీ కాదు, దిగేటప్పుడే ప్రమాదమని చెప్పాను," అని నసిగాడు జట్టు డాక్టరు.

"మీ మాట ఇంత బుద్ధిగా ఇంకెవరూ విని ఉండరు. నిచ్చెన తెప్పించండి," అన్నాను.

నిచ్చెన వచ్చింది. ఆరడుగుల మా వాడు రింగును ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"దిగరా నాన్నా, నిచ్చెన మీద మోకాలికేం కాదు."

"మోకాలి గురించి కాదు నానమ్మా. రేపటి నుంచి నన్ను ఆడనివ్వరట. నేల మీద కాలు పెడితే నా ఆట అయిపోయినట్టే."

నిచ్చెన పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాను.

"సరే, కాసేపు ఆడుకో," అన్నాను.